డిక్కీ మీద లేని అక్షరం

మధ్యాహ్నం రెండుంబావు. పోలీస్ స్టేషన్ వెనక పెరట్లో సర్వేయరమ్మ ఒక బూడిదరంగు కారు డిక్కీ ముందు గొంతుక్కూర్చుని పావుగంటయింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. అంతకన్నా ఎక్కువ సలుపుతున్నది నెత్తిమీద నిలబడి గడియారం చూసుకుంటున్న ఇన్‌స్పెక్టరు.

"ఇంకా ఎంతసేపు వదినా? అది కారు. కావ్యం కాదు."

"కావ్యమైతే నీకు అర్థమయ్యేదా మరిదీ? కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకో."

ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో దెబ్బతిన్న కార్లను పరీక్షించడమే ఆవిడ ఉద్యోగం. రిటైరయ్యాక గుమ్మానికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నా అందరి నోటా సర్వేయరమ్మగానే మిగిలిపోయింది. ఇన్‌స్పెక్టరు పరాయివాడు కాదు, సొంత చెల్లెలి మొగుడు. అందుకే ఆవిడకు స్టేషన్ గేటు తీశాడు, అందుకే తీసిన దగ్గర్నుంచీ ప్రాణం తోడేస్తున్నాడు.

కేసు చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలు. మూడు రోజుల క్రితం తెల్లవారుజామున ఐదూ నలభైకి, పార్కు వెనక సందులో, ఇంటింటికీ పేపర్లు వేసే ఒక పెద్దాయన్ని కారు గుద్ది వెళ్ళిపోయింది. తలకు తగిలిన దెబ్బకు ఆయనకింకా స్పృహ రాలేదు. చూసినవాళ్ళు లేరు. వంకరపోయిన సైకిలు పక్కన వేలెడంత మెరిసే అక్షరం ఒకటి దొరికింది. ఇంగ్లీషు ఆర్. కెలూరా అనే కారు వెనక, డిక్కీ మీద, ఆ కారు పేరు ఆరు అక్షరాల్లో అతికించి ఉంటుంది. ఆ ఆరింటిలో ఒకటన్నమాట. ఊళ్ళో మూడొందల పైచిలుకు కెలూరాల వెంటపడి తిరిగితే ఆర్ లేని కారు ఒక్కటే తేలింది. అది డ్రైవింగ్ స్కూలు నడిపే ఒక టీచరుది. నిన్న సాయంత్రం ఆవిణ్ణి పట్టుకొచ్చి లోపల వేశారు. ఇవాళ ఐదింటికి కోర్టులో హాజరు, నాలుగున్నరకి వ్యాను. మనిషిని గుద్ది పారిపోయిందని కేసు రాసుకున్నారంటే జైలు సంగతి తర్వాత, మళ్ళీ జన్మలో ఎవరికీ స్టీరింగు పట్టుకోవడం నేర్పనివ్వరు. ఆ ఇల్లు నడిచేది ఆ స్టీరింగు మీదే.

"అక్షరం లేని కారు ఒకటి, దొరికిన అక్షరం ఒకటి. కలిసిపోయాయి. ఇందులో మీరు వెతికేదేమిటో నాకర్థం కావడం లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ దొరికిన అక్షరం తెప్పించు."

సీలువేసిన పారదర్శకమైన కవరు వచ్చింది. అందులో ఆర్ బుద్ధిగా వెల్లకిలా పడుకుని ఉంది.

"దీన్ని తిరగేసి చూశావా?"

"తిరగేస్తే మాత్రం ఏముంటుంది? ఎటు చూసినా ఆరే కదా."

సర్వేయరమ్మ కళ్ళు మూసుకుని ఐదు అంకెలు లెక్కపెట్టింది. బీమా కంపెనీలో మేనేజర్ల ముందు అలవాటైన చిట్కా. కవరు తిప్పి ఇన్‌స్పెక్టరు ముక్కు ముందు పెట్టింది.

"చూడు. ఈ అక్షరాల్ని మేకులు కొట్టి బిగించరు. వెనక మెత్తటి డబుల్ టేపు వేసి అతికిస్తారు. దెబ్బ తగిలి ఊడిందనుకో, టేపు అడ్డదిడ్డంగా చిరుగుతుంది. దీని వెనక చూడు, ఆర్ కాలి దగ్గర టేపు గుంట పడి ఉంది. ఆ గుంటలోని ముక్క ఎక్కడుండాలి? ఊడివచ్చిన కారుకే అంటుకుని ఉండాలి. ఇప్పుడీ కారు చూడు. ఆర్ ఉండాల్సిన చోట టేపు పొర గడ్డం గీసినట్టు నున్నగా ఉంది. ఇది ఊడలేదయ్యా. కోశారు."

"దేంతో?"

"గాలం దారంతో. హెయిర్ డ్రయ్యరు పెట్టి వేడిచేసి, దారం వెనక నుంచి పోనిచ్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతారు. పెయింటు మీద గీత కూడా పడదు. కార్లకి ఇలాంటి అక్షరాలూ గుర్తులూ, అదే బ్యాడ్జీలు, బిగించేవాళ్ళ చేతిపని."

"అయితే నేరం దాచిపెట్టడానికి ఆవిడే కోయించి ఉంటుంది."

"ఏం కోయిస్తుంది? గుద్దినప్పుడే రాలిపోయిందని నువ్వే అన్నావు. రాలిపోయిన అక్షరాన్ని మళ్ళీ ఎవరైనా కోస్తారా?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఇతను, అని మనసులో తిట్టుకుంది. ఆ ఊపులోనే ఇంకో మాట అందుకుంది. డ్రైవింగ్ స్కూలు కార్లన్నింటికీ ఉన్నట్టే దీనికీ నడుం చుట్టూ పసుపుపచ్చ పట్టీ ఉంది. ఎవడో బద్ధకస్తుడు అక్షరాలకు కాగితం కూడా అడ్డం పెట్టకుండా ఆ పచ్చరంగు చిమ్మాడు. మిగిలిన ఐదు అక్షరాల అంచుల మీదా ఆవగింజల్లో సగమంత పచ్చటి చుక్కలు. కవర్లోని ఆర్ మీద మచ్చుకైనా లేదు.

"వానకి పోయుంటాయి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వాన పడి రెండు నెలలైంది. పడినా అది పెయింటు, పౌడరు కాదు."

"వదినా, ఇంట్లో మీరంటే నాకెంత గౌరవమో మీ చెల్లెలికి తెలుసు. కానీ ఇక్కడ..."

"గౌరవం నీ దగ్గరే పెట్టుకో, చెవులు మాత్రం నాకివ్వు. ఆర్‌లు రెండున్నాయి. ఒకటి నీ కవర్లో ఉంది. రెండోది ఈ కారుది. అదెక్కడుందో తెలిస్తే గుద్దినదెవరో తెలుస్తుంది."

"నాలుగున్నర దాకా వెతుక్కోండి. వ్యాను ఆపాలంటే నాకు టేపు ముక్కలు చాలవు. మనిషి కావాలి."

ఇన్‌స్పెక్టరుది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వాదం. సర్వేయరమ్మ పక్కనున్న కారు డిక్కీ మీద పెట్టుకున్న చేతిసంచీ లాక్కుని విసురుగా లోపలికి నడిచింది.

వరండా బెంచీ మీద టీచరుగారి అత్తగారు నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. డిటెక్టివును పెట్టింది ఆవిడే. పొద్దున ఇంటికొచ్చి, "నా కోడలికి నోరెక్కువ, పొగరెక్కువ, ఉప్పు కూడా ఎక్కువే వేస్తుంది. కానీ మనిషిని పడేసి పారిపోయే రకం కాదమ్మా" అని చెప్పి, చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కోడలి గురించి అత్త ఇచ్చిన ఆ సాక్ష్యానికి మించింది సర్వేయరమ్మ తన సర్వీసులో వినలేదు.

లాకప్ ఊచల వెనక టీచరు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు.

"ఆ రోజు ఐదూ నలభైకి ఎక్కడున్నావమ్మా?"

"ఇంట్లో నిద్రపోతున్నానండీ. నిద్రపోయేవాళ్ళకి సాక్షులుంటారా? మా ఆయన ఊళ్ళో లేడు, అత్తయ్యకి చెవుడు."

"ఆర్ లేదని రెండు రోజులు నీకెలా తెలియలేదు?"

"నేను కారు లోపల కూర్చుంటానండీ, వెనకాల కాదు. అసలు అక్షరం వెనకుంటే గుద్దింది కూడా వెనక్కి వస్తున్న కారేగా? చూడకుండా రివర్సు వేసినవాళ్ళని నేను దింపేసి నడిచి రమ్మంటాను. నా మీద ఈ కేసా?"

"కోపం తర్వాత. ఆ రోజు కారు నీ చేతిలోంచి ఎవరి చేతికైనా వెళ్ళిందా?"

టీచరు ఆలోచించింది. "తలుపు మీద స్కూలు పేరు వెలిసిపోయిందని బ్యాడ్జీల మేస్త్రి దగ్గర వదిలాను. పొద్దున ఏడింటికి ఇచ్చి పన్నెండింటికి తెచ్చుకున్నాను. తలుపు చూసుకున్నానే కానీ వెనక్కి వెళ్ళి చూడలేదు."

సర్వేయరమ్మకు ఆమెను ముద్దు పెట్టుకోవాలనీ, ఈ మాట నిన్ననే చెప్పనందుకు రెండు మొట్టికాయలు వెయ్యాలనీ ఒకేసారి అనిపించింది.

మూడూ ఐదుకి మేస్త్రి దుకాణంలో ఉంది. గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగులో ఒక్కో కంపెనీ గుర్తులు, రెక్కలవీ కొమ్ములవీ చుక్కలవీ. బల్ల మీద స్పిరిట్ సీసా, హెయిర్ డ్రయ్యరు, కాగితం టేపు చుట్టలు. అరవై ఏళ్ళ మేస్త్రి పగిలిన గుర్తొకదాన్ని గుడ్డ మీద పెట్టుకుని, పగుల్లో సూదిమొనతో జిగురు నింపుతున్నాడు. సర్వేయరమ్మ వచ్చిన పని చెప్పగానే సూది ఆగిపోయింది.

"టీచరుగారి కారా? తలుపు మీద పేరు వేశానమ్మా. అంతే."

"డిక్కీ దగ్గరికి వెళ్ళలేదా?"

"నాకక్కడేం పని?"

"ఆర్ కోసింది నువ్వు కాదా?"

"నాకేం తెలీదమ్మా. నా మానాన నన్ను పని చేసుకోనివ్వండి."

ఇలాంటివాళ్ళను ఆవిడ వందమందిని చూసింది. అబద్ధం చెప్పలేక నిజం చెప్పలేక, కక్కలేక మింగలేక చూపులు బల్లకి అతికించేస్తారు. గట్టిగా అడిగితే ఇంకా బిగుసుకుంటారు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని తీరిగ్గా నిట్టూర్చింది.

"నేనూ అదే అనుకున్నాన్లే. నీ చేతిపని నాకు తెలియదా? ఇదెవడో చేతకానివాడి పని. అంచంతా పీకి పెట్టాడు. పెయింటు కూడా లేచిపోయింది."

"పెయింటు లేచిందా?" మేస్త్రి తల ఎత్తాడు. "ఎవరన్నారమ్మా ఆ మాట? వెంట్రుకవాసి లేవలేదు! రెండు నిమిషాలు వేడిచేసి, ఒక్క దారంతో, ఆగకుండా కోశాను. ముప్పై ఎనిమిదేళ్ళలో నా చేతి కింద ఒక్క పెయింటు లేచిందని ఎవరైనా..."

అక్కడికి ఆగాడు. మేస్త్రి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి మొహం తుడుచుకున్నాడు.

"కంపెనీవాళ్ళు ఒక్క అక్షరం అమ్మరమ్మా" అన్నాడు చివరికి. "పేరంతా కలిపి సెట్టు కొనాలి. రావడానికి మూడు వారాలు. ఎవరికైనా అర్జెంటుగా ఒక అక్షరం కావాలంటే, షెడ్డులో అదే రకం బండి ఉంటే దాన్నుంచి తీసి పెట్టేస్తాం. సెట్టు వచ్చాక దీనికి కొత్తది పెడతాం. మా పనిలో అందరూ చేసేదే. అందుకే టీచరుగారి బండి మీద పాత టేపు గీకలేదు. కొత్త అక్షరం ఎక్కడ కూర్చోవాలో గుర్తుంటుందని. ఆవిడకి చెబుదామనే అనుకున్నాను. హడావిడిగా వచ్చి హడావిడిగా వెళ్ళిపోయింది."

"తీసి ఎవరికి పెట్టావు?"

"ఆ ఒక్కటీ అడక్కండి."

"ఆ ఒక్కటీ తెలియకపోతే నీ చేతి కోత వల్ల ఒక ఆడమనిషి ఇవాళ ఐదింటికి జైలుకి పోతుంది. రాత్రి నిద్ర పడుతుందా నీకు?"

"నిన్నటి నుంచీ పట్టడం లేదు." మేస్త్రి సూదిని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాడు. "ఆ రోజు ఎనిమిదింటికి ఒకావిడ వచ్చింది. ఆర్ ఊడిపోయింది, పది నిమిషాల్లో పెట్టమంది. కారులోంచి దిగలేదు. మొండి టేపు ముక్క అక్కడే ఉంటే గీకేసి అతికించాను. ఆవిడెవరో అప్పుడు తెలీదు. నిన్న మధ్యాహ్నం అదే కారు వచ్చి దుకాణం ముందు ఆగింది. దిగిందెవరనుకున్నారు? ఇన్‌స్పెక్టరుగారు. జీపు రిపేరుకి ఇచ్చారట, ఇంటి కారులో వచ్చారు. ఆర్ అక్షరం కోసం ఎవరైనా వచ్చారా అని నన్ను అడిగారు. ఏం చెప్పనమ్మా? ఆ ఆర్ ఆయన వెనకాలే ఉంది."

ఇంటి కారు. బూడిదరంగు కెలూరా. మధ్యాహ్నం పెరట్లో తన చేతిసంచీ పెట్టింది దాని డిక్కీ మీదే. ఆ ఆర్ మీద సంచీ పెట్టి, రెండో ఆర్ ఎక్కడుందని మరిదికి పాఠం చెప్పింది. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట చల్లారేసరికి అసలు భయం మొదలైంది. కారులోంచి దిగని ఆవిడ ఎవరో కాదు, చిన్నది. తన చెల్లెలు. రోజూ పొద్దున ఐదున్నరకి పార్కుకి నడకకి వెళ్తుంది, కారు ఆ వెనక సందులోనే పెడుతుంది. చిన్నప్పుడు పలక పగలగొట్టి అక్క సంచీలో పెట్టి, దెబ్బలు అక్క తింటుంటే తలుపు చాటు నుంచి ఏడ్చిన పిల్ల. ఇప్పుడూ ఎక్కడో చాటుగా ఏడుస్తూ ఉంటుంది. ఆ ఏడుపు ఆ పిల్ల పట్ల జాలి పుట్టిస్తుంది కానీ, లాకప్‌లో ఉన్నామెను బయటికి తీసుకురాదు.

ఏమీ చెప్పకుండా ఇంటికి పోవచ్చు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవడానికి సర్వేయరమ్మ సిగ్గుపడలేదు. ట్యాక్సీ ఎక్కి సగం దారి దాకా అదే ఆలోచించింది. నా కోడలికి ఉప్పు ఎక్కువ అన్న ముసలావిడ మొహం గుర్తొచ్చి, డ్రైవర్ని తొందరపెట్టింది.

నాలుగూ పన్నెండు. గేటు దగ్గర వ్యాను ఇంజను ఆన్‌లో ఉంది. టీచరు వెనక సీట్లో కూర్చుని ఉంది, పక్కన ఆడ కానిస్టేబులు. అత్తగారు కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది.

"మనిషి దొరికారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు వెటకారంగా.

"దొరికారు. పెరట్లోకి రా."

"వదినా, టైము లేదు."

"రమ్మన్నానా!"

ఆ గొంతు విని కానిస్టేబుళ్ళు కూడా తలలు తిప్పారు. ఇన్‌స్పెక్టరు వెనకే వచ్చాడు. సర్వేయరమ్మ మధ్యాహ్నం తను సంచీ పెట్టిన కారు డిక్కీ దగ్గర ఆగి, సంచీలోంచి భూతద్దం తీసి అతని చేతిలో పెట్టింది.

"ఈ ఆరు అక్షరాల్లో తేడా ఏముందో చెప్పు."

విసుక్కుంటూనే వంగాడు. వంగినవాడు లేవలేదు. ఐదు అక్షరాల అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఆర్ అంచు మీద మాత్రం పచ్చటి చుక్కలు, ఒకటీ రెండూ కాదు, ఏడు.

"టీచరు కారు నుంచి కోసిన ఆర్ ఇదే. ఇక్కడి నుంచి రాలిన ఆర్ నీ కవర్లో ఉంది. ఈ కారెవరిది?"

"మాది" అన్నాడు, అలవాటు ప్రకారం. అన్నాక మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆవిడ మేస్త్రి చెప్పిన గంటలూ నిమిషాలూ చెప్పింది. ఇన్‌స్పెక్టరు మొదట మేస్త్రి అబద్ధాలకోరన్నాడు. తర్వాత వాణ్ణి లోపల వేస్తానన్నాడు. తర్వాత గోడకి ఆనుకుని నెమ్మదిగా, "ఆ రోజు జ్వరమని పడుకుంది. నేనే మాత్రలు తెచ్చిచ్చాను" అన్నాడు. అతనికి నిజంగా తెలియదని సర్వేయరమ్మకు అప్పుడు నమ్మకం కుదిరింది. అంతదాకా కుదరలేదు.

"వ్యాను ఆపు."

"అరగంట టైమివ్వండి వదినా. ముందు తనతో ఒక్కసారి మాట్లాడి..."

"ఆ అరగంటలో ఈ అమ్మాయి కోర్టు మెట్లెక్కేస్తుంది. తర్వాత దింపడం నీ తరం కాదు, నా తరం కాదు."

"తను మీ చెల్లెలు!"

"నాకు చెబుతున్నావా? దానికి పదేళ్ళు జడ వేసింది నేను!" ఆవిడ గేటు వైపు చెయ్యి చూపించింది. "ఇందాక మనిషి కావాలన్నావు. తెచ్చాను. ఇప్పుడు నచ్చలేదంటే ఎలా?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. గేటు దాకా నడిచి వెళ్ళడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"ఆవిణ్ణి దింపండి" అన్నాడు డ్రైవరుతో. "కోర్టుకి కాగితం నేను రాస్తాను."

సరిగా వినపడని అత్తగారు ఏమన్నాడు, ఏమన్నాడు అని అందరినీ అడుగుతోంది. టీచరు దిగివచ్చి ఆవిడ చెవిలో అరిచి చెప్పింది. ముసలావిడ అక్కడికక్కడే కూలబడి, ఇంత ఆలస్యం చేశారని ఇన్‌స్పెక్టర్ని తిట్టడం మొదలుపెట్టింది. అతను తల వంచుకుని పడ్డాడు. సర్వేయరమ్మకు మొదటిసారి మరిది మీద జాలేసింది.

"చిన్నది ఎక్కడుంది? ఇంట్లోనా?" అంది.

"ఆస్పత్రిలో."

"ఆస్పత్రిలో ఏమిటి?"

"నిన్నటి నుంచీ ఆ పేపర్ల పెద్దాయన దగ్గరే కూర్చుంటోంది. ఆయనకి ఒక్కతే కూతురు, పాపం ఎవరూ సాయం లేరని..." అతని మాట నెమ్మదించింది. "మధ్యాహ్నం ఫోన్ చేసింది. కూతుర్ని కాసేపు పడుకోమని ఇంటికి పంపించేశానంది. గదిలో తనొక్కతే ఉందట. మంచి పని చేశావని నేనే మెచ్చుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు జేబులోంచి తాళం తీసి కారు తలుపు మీద చెయ్యి వేశాడు. సర్వేయరమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"బుద్ధుందా? అది సాక్ష్యం! వ్యాను ఎక్కు!"

వ్యాను గేటు దాటకముందే ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసింది. ఒక్క రింగుకే ఎత్తారు.

"అక్కా, నేనే నీకు చేద్దామనుకుంటున్నానే" అంది చిన్నది. గొంతు ప్రశాంతంగా ఉంది, అదే సర్వేయరమ్మను ఎక్కువ భయపెట్టింది. "ఆయన కళ్ళు తెరిచాడు. నన్నే చూస్తున్నాడు. గుర్తుపట్టాడక్కా."

"డాక్టర్ని పిలువు. ఇప్పుడే పిలువు. వింటున్నావా చిన్నదానా?"

"పిలవలేదు. ఎవరూ రాకుండా లోపల గడియ పెట్టాను" అంది చెల్లెలు, ఫోన్ పెట్టేసింది.